ప్రభువు ఆపిన చోట్లు

1974 నవంబరు 4, సోమవారం

ఈరోజు మళ్లీ ఆపాడు!

రెంజల్‌లో ప్రార్థన ముగించుకుని బోధన్ దారి పట్టాను. చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైంది కదా, దారి నిండా చెరుకు బండ్లే. వాటిని తప్పించుకుంటూ అంచున నడుస్తున్నాను. కాలువ తూము కనబడుతోందనగా ఎడమ పిక్కను లోపలి నుంచి ఎవరో పిడికిట్లో పట్టుకున్నట్టయింది. నిలబడిపోయాను. కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. ఆమెన్ అనేసరికి పట్టు వదిలింది.

మామూలు నొప్పయితే తైలానికి తగ్గాలి. మా ఆవిడ గంగమ్మ రాసిన తైలాలకు ఇల్లంతా వాసన పట్టిందే గాని పిక్కకు ఏమీ కాలేదు. ప్రార్థనకు మాత్రం తగ్గుతుంది. ప్రతిసారీ తగ్గుతుంది! ప్రార్థనకు తగ్గేదాన్ని నొప్పి అంటారా ఎవరైనా? పిలుపు అంటారు. ప్రభువు నడిపిస్తాడని ఇన్నేళ్లుగా ఊరూరా చెప్తున్నాను. ఆపుతాడని కూడా ఇప్పుడు తెలిసింది.

తూము దగ్గర నీళ్లు విడిచే ఎర్రన్న అంతా చూశాడట. "పంతులూ, నువ్వు తొవ్వల నిలబడే దేవునితోటి మాట్లాడుతవ్. మేం గుడి సుట్టూ తిరిగినా మాకు పలుకడు" అన్నాడు. ఎర్రన్న మా సంఘం మనిషి కాడు, అయినా ఎంత బాగా కనిపెట్టాడు! కాసేపు అతని పక్కన గట్టు మీద కూర్చున్నాను. గాలి చల్లగా ఉంది. మిగతాది రాయనక్కర్లేదు.

నవంబరు 10, ఆదివారం

సంఘంలో సాక్ష్యం చెప్పాను. ఎక్కడెక్కడ ఆపాడో, ఆపిన చోట ఎవరెవరు కనబడ్డారో అంతా చెప్పాను. ఆడవాళ్లు కొందరు కళ్లు తుడుచుకున్నారు. పాస్టరుగారు నా భుజం తట్టారు. గాల్లో తేలినట్టుగా ఉంది.

ఇంటికొచ్చాక గంగమ్మ చాటలో బీడీలు చుట్టుకుంటూ తలెత్తకుండానే అంది: "నాకొకటి సమజైతలేదు. బియ్యం సంచి భుజాన పెట్టి పంపితే నీ దేవుడు నిన్ను ఇంకా జల్ది ఆపుతడేంది?"

ఈ మనిషికి భక్తి లేదని కాదు. నోరు ఎక్కువ.

నవంబరు 19

ఈ సంగతి రాస్తే గాని నిద్ర పట్టదు. సంతోషంతోనే!

రెంజల్ దారి మలుపులో చెరుకు తోటను ఆనుకుని ఒంటరిగా ఒక పెంకుటిల్లు ఉంది. సత్తవ్వ అనే విధవరాలిది. ఉన్న ఒక్క కొడుకూ వానకాలంలో కాలువలో పడి పోయాడు. పోయిన వారం సరిగ్గా ఆ ఇంటి ముందు ప్రభువు నన్ను ఆపాడు. గోడ పట్టుకుని "ప్రభువా" అని పైకే అన్నాను. లోపలి నుంచి ఆమె వచ్చింది. ముఖం అదోలా ఉంది. నా దోసిట్లో నీళ్లు పోసింది. నాలుగు మంచి మాటలు చెప్పాను, పట్టు వదిలింది, వచ్చేశాను. అంతే.

ఈరోజు మళ్లీ అక్కడే ఆపాడు. ఈసారి ఆమె నా ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పింది.

"పంతులూ, ఆ దినం నా చేతుల ఎండ్రిన్ డబ్బ ఉండె. మూత గూడ తీసిన. బయట ఎవరో నిలబడి పిలిచినట్లయింది. ఎవర్రా ఇది అని బయటికొచ్చిన. ఒచ్చి సూస్తే నువ్వు."

చెరుకు పురుగుకు కొట్టే మందు!

"మా ఇంటి ముంగట ఎవరాగుతరు పంతులూ? నిన్ను మీ దేవుడే ఆపిండు" అంది.

ఆ మాట నేను అనలేదు. ఆమె అంది. ఇక ఎవరికైనా ఏం సందేహం ఉంటుంది? గంగమ్మకు చెప్పాను. చాట పక్కన పెట్టి చాలాసేపు నన్నే చూసింది.

ప్రభువా, ఎంత మంచివాడివి! ఈ పనికిరాని పిక్కను ఎన్నుకున్నావు.

డిసెంబరు 2

ఇప్పుడు మలుపు నుంచి తూము దాకా కూడా ఒక్క నడకలో పోనివ్వడం లేదు. మధ్యలోనే ఆపుతున్నాడు. పిలుపు దగ్గరపడుతోంది.

డిసెంబరు 11

కోతయిన చెరుకు చేనుకు అడ్డంపడి వచ్చాను. మోడు ఒకటి చెప్పు దాటి ఎడమ బొటనవేలికి గుచ్చుకుంది. చిన్నదే.

సత్తవ్వ ఈరోజు ఎదురుచూస్తూ నిలబడింది. నీళ్లు గ్లాసుతో ఇచ్చింది. ఇది చిన్న సంగతి కాదు. మా కులం వాళ్లకు దోసిట్లో పోయకుండా గ్లాసు ఇచ్చే ఇళ్లు ఆ దారిలో ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు.

డిసెంబరు 20

వేలు మానలేదు. చలి కదా.

డిసెంబరు 25, క్రిస్మస్

రూతమ్మ వచ్చింది! నిజామాబాద్ దవాఖానలో నర్సు అయ్యాక ఇంట్లో ఒక పూట నిలవడమే గగనం. తల్లీకూతుళ్ల నవ్వులతో ఇల్లు నిండింది. ఆరాధనకు కొత్త ధోవతి కట్టాను. పాదాలు మాత్రం కండువా కింద దాచుకుని కూర్చున్నాను.

నర్సు కళ్లు కదా! ఇంటికి రాగానే "బాపూ, కాలు జరుపు" అంది. దాని వెంట వచ్చిన పక్కింటి ఆమె పుండు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. మా జిల్లాలో కాలి మీద మానని పుండు కనబడితే జనం నోట వచ్చేది ఒకటే మాట, పెద్దరోగం, అంటే కుష్ఠు. నాకూ లోపల ఆ భయం ఉంది. అందుకే దాచాను. ఆ రోగులకు నేనే ఎన్నిసార్లు ధైర్యం చెప్పి రాలేదు! తన దాకా వస్తే ఎంత వణుకో.

రూతమ్మ నా కళ్లు మూయించి పాదమంతా దూదిపోగుతో తాకింది. తాకిన ప్రతి చోటూ చెప్పాను. ఒక్కటి తప్పలేదు. "ఆ రోగం గాదు బాపు" అంది. హల్లెలూయ అనబోయాను. అది మాత్రం నవ్వలేదు. కుడి పాదం మీద వేళ్లు పెట్టి చూసింది. ఎడమ పాదం మీద పెట్టింది. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ.

"ఈ పాదంల నాడి దొరుకుతలేదు" అంది.

"మీ అవ్వ దాచిపెట్టి ఉంటది, వెతుకు" అన్నాను. గంగమ్మ కూడా నవ్వలేదు.

1975 జనవరి 3

రూతమ్మ పని చేసే దవాఖానకు పోయివచ్చాను. డాక్టర్ రాధాకుమారి అని కొత్తగా వచ్చింది. కోటగిరి దగ్గర చెరుకు వేసే కోస్తా రైతుల అమ్మాయి, ఎక్కడో దక్షిణాదిన పెద్ద చదువు చదివి వచ్చిందట. వయసు మా రూతమ్మ కంటే నాలుగైదేళ్లు పెద్ద ఉంటుందేమో. చెయ్యి మాత్రం స్థిరంగా ఉంది.

కాళ్లు రెండూ పైకెత్తించింది. ఎడమ పాదం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. కిందికి వేలాడదీయించింది. కాసేపటికి ఎర్రగా కందింది. నా పాదం ఇన్ని రంగులు మారుస్తుందని నాకే తెలియదు! తర్వాత వరండాలో నా పక్కనే నడిచింది. స్తంభాలు కొన్ని దాటాక ఆగాను. కళ్లు మూసుకున్నాను.

"ఎందుకాగారు పంతులుగారూ?"

చెప్పాను. అంతా చెప్పాను, సత్తవ్వ సంగతితో సహా. ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆ గౌరవం మర్చిపోలేను.

"గజ్జలో నాడి బాగుందండి. మోకాలి వెనక లేదు. మధ్యలో ఎక్కడో రక్తనాళం మూసుకుపోయినట్టుంది. పుండు మానకపోవడం అందుకే. ఇట్లాగే వేలు నల్లబడితే కాలు తీయాల్సి రావచ్చు. కానీ ముందు లోపల ఎట్లా ఉందో చూడాలి." ఇక్కడికి వచ్చేసరికి ఆమె గొంతు మారింది, కుర్చీ అంచుకు వచ్చింది. "గజ్జలో సూది పెట్టి రక్తనాళంలోకి ఒక మందు ఎక్కిస్తాం. అది పారుతుండగా ఎక్స్‌రే తీస్తే నాళం మొత్తం తెల్లగా బొమ్మ పడుతుంది. ఎక్కడ మూసుకుందో, కింద ఏమైనా తెరుచుకుని ఉందో కనబడుతుంది. ఈ దవాఖానలో ఇంతవరకు ఎవరికీ తీయలేదు. మీకు తీస్తాను."

నాకూ ఉత్సాహం పొంగింది! నా కాలి లోపలి దారులు బొమ్మగా చూడడమా! సరే అనబోతున్నాను.

"మీరెందుకు ఆగుతున్నారో తేలిపోతుంది" అంది.

లేచి నిలబడ్డాను. "ఎందుకు ఆగుతున్ననో నాకు తెలుసమ్మా" అని చెప్పి బస్సెక్కాను. రూతమ్మ బస్సు దాకా పరుగెత్తుకొచ్చింది. కిటికీ వైపు తిరగలేదు.

జనవరి 4

వద్దు. తీయించుకోను.

జనవరి 9

వేలి అంచు నల్లగా లేదు. దీపం వెలుగు సరిపోక అట్లా కనబడుతోంది.

మధ్యాహ్నం సత్తవ్వ దగ్గర ఆపాడు. ఆశ గురించి చాలా చక్కగా మాట్లాడాను. ఆమె ఏదో చెప్పబోయింది గాని, అప్పటికే పట్టు వదిలింది, రెంజల్ వాళ్లు ఎదురుచూస్తుంటారని వచ్చేశాను.

జనవరి 10

ఉదయం ఎండలో చూశాను. నల్లగానే ఉంది.

జనవరి 16

గంగమ్మతో పెద్ద గొడవ. దాని మాటలు ఉన్నవున్నట్టు రాస్తాను.

"ఫోటువకు ఎందుకు భయపడుతున్నవ్?"

"భయం కాదు. దేవుని పనిని మిషన్ల పెట్టి చూడొద్దు."

"నిన్ను ఆపింది దేవుడైతే ఆయన ఫోటువల పడడు. నరం మూసుకపోయుంటే అది పడుతది. రెండిట్ల ఏదైనా నీకు నష్టమేంది?"

"నష్టమే. సత్తవ్వ..." అని ఆగిపోయాను. పిక్కను పట్టింది మూసుకుపోయిన నాళమైతే, ఆ రోజు ఆమె వాకిట్లో నన్ను ఆపింది ఎవరు? ఆమెకు ఏమని చెప్పాలి? ఇన్ని ఊళ్లలో నేను చెప్పిన సాక్ష్యం ఏమవుతుంది?

గంగమ్మ నా పాదం ఒళ్లోకి తీసుకుంది. "కాలు పోతే ఊళ్లెట్ల తిరుగుతవ్? నువ్వు ఇంట్ల కూసుంటే నేను బతుకుతనా? రోజంతా నీ ఉపన్యాసం నేనే వినాలె" అంది. అని ఏడ్చింది. పెళ్లయిన నాటి నుంచి అది నా ముందు ఏడవడం ఇది రెండోసారో, మూడోసారో.

తీయించుకుంటాను.

జనవరి 21, మంగళవారం

అయిపోయింది! అంతా వరసగా రాయాలి. దవాఖాన మంచం మీద వెల్లకిలా పడుకుని రాస్తున్నాను, గజ్జ మీద ఇసుక సంచి పెట్టారు, అక్షరాలు వంకరపోతే పోనీ.

ఉదయాన్నే ఎక్స్‌రే గదిలోకి తీసుకుపోయారు. డాక్టరమ్మా, ఎక్స్‌రే తీసే సీమోనూ సీసం కుట్టిన బరువైన అంగీలు తొడుక్కున్నారు, యుద్ధానికి పోయేవాళ్లలా. రూతమ్మ నా తల దగ్గర నిలబడింది. సీమోను నిన్న సాయంత్రమంతా ఉత్త ప్లేట్లు బల్ల కింద జరిపి జరిపి సాధన చేశాడట. ఒక ప్లేటు లాగి ఇంకోటి తోయాలి, అది కూడా మందు పారుతుండగానే. అతని నుదుటి మీద చెమట. "భయపడకు తమ్మీ, కాలు నాది" అన్నాను. డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. దానితో అందరికీ కాస్త ఊపిరి ఆడింది.

గజ్జలో మొదట మొద్దుబరిచే సూది. తర్వాత పెద్దది. నాకు కనబడలేదు గాని, రక్తం చిమ్మిందట, డాక్టరమ్మ "దొరికింది!" అని అరిచింది. ఆ అరుపులో చిన్నపిల్ల సంబరం ఉంది. "వేడిగా ఉంటుంది, కదలకండి" అంటూనే మందు తోసింది. వేడా అది! కారం కలిపిన నీళ్లు మరగబెట్టి తొడలో పోసినట్టుంది. సీమోను ప్లేటు లాగాడు, తోశాడు, లాగాడు. ప్లేట్లు కడగడానికి చీకటి గదిలోకి పరుగెత్తాడు. ఆమె కూడా వెళ్లింది.

తలుపు సందులోంచి సీమోను మాట వినబడింది. "మోకాలు కింద ఏం లేదు మేడమ్. అంత ఖాళీ."

రూతమ్మ వేళ్లు నా భుజంలో దిగబడ్డాయి. ఖాళీ అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కింద ఏమీ లేకపోతే కాలు తీసేయడమే. ఎక్కడిదాకా తీస్తారు? మోకాలి పైదాకా. రెంజల్, కోటగిరి, ఆ దారులన్నీ కళ్ల ముందు తిరిగాయి.

డాక్టరమ్మ తిరిగి వచ్చింది. ముఖం బిగుసుకుని ఉంది. అటూ ఇటూ నడిచింది. ఉన్నట్టుండి ఆగి, "సీమోనూ, మందు పోలేదా, పోకముందే మనం తీసేశామా?" అంది.

"మీరు చెప్పినప్పుడే తీసిన మేడమ్."

"నేనే తొందరపడ్డాను. ఈయన ఇన్నాళ్లుగా ఈ కాలితో ఊళ్లు తిరుగుతున్నాడు. ఏమీ లేకపోతే ఎట్లా తిరుగుతాడు? సన్న దారులేవో ఉండాలి. ఉంటే మందు నిదానంగా వస్తుంది. ఇంకోసారి ఎక్కిస్తా. ఈసారి నేను చెప్పేదాకా ప్లేటు ముట్టుకోవద్దు."

మళ్లీ ఆ మంట. ఈసారి అందరూ కదలకుండా నిలబడ్డారు. ఇన్నేళ్లు ప్రతి మలుపులో ప్రార్థన చేసినవాణ్ని, అప్పుడు ఒక్క మాట గుర్తురాలేదు. లోపల పారుతున్న ఆ మందుతోనే అంటున్నాను: నడువు, నడువు తల్లీ, ఇంకొంచెం. ఎంతసేపో! చివరకు "ఇప్పుడు!" అంది. సీమోను లాగాడు.

చీకటి గదిలోంచి ఈసారి మాటలు కాదు, కేక వచ్చింది. సీమోను కేక! ఇద్దరూ తడి ప్లేటు పట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తారు, నీళ్లు నేలంతా కారుతున్నాయి, పట్టించుకునేవాడు లేడు. డాక్టరమ్మ దాన్ని నా ముఖం ముందుకు తెచ్చి చూపింది.

నా కాలు! తొడలోంచి తెల్లగా, వేలంత లావున దిగుతున్న నాళం మోకాలికి కాస్త పైన కత్తితో కోసినట్టు ఆగిపోయింది. దాని పక్కల నుంచి సన్నటి వంకర తీగలు. ఒకటి కాదు, గంపెడు. చెట్టు వేళ్లలా మూసుకున్న చోటును చుట్టుముట్టి, కిందికి దిగి, మోకాలి వెనక మళ్లీ ఒక దారిలో కలిశాయి. అక్కడి నుంచి పిక్కలోకి రెండు చక్కటి గీతలు.

"కాలు ఉంటుంది" అంది డాక్టరమ్మ. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. రూతమ్మ నా తలను పట్టుకుని ముద్దు పెట్టింది, అందరి ముందే.

"ఈ చిన్న నాళాలు అందరికీ ఇంత ఉండవండి. నడిచి, నొప్పి వచ్చాక ఆగి, మళ్లీ నడిచేవాళ్లకు పెరుగుతాయి. నొప్పికి భయపడి మీరు మంచం ఎక్కి ఉంటే ఇవి ఉండేవి కావు. ఇకపైన కూడా అదే చేయండి. పట్టేదాకా నడవండి, ఆగండి, మళ్లీ నడవండి. పుండుకు కట్టు కట్టించుకోండి. ఇక పొగ..." అని నా ముఖంలోకి చూసింది. "ఈ నాళం మూసింది అదే. రూతమ్మ అన్నీ చెప్పింది."

ఈ పిల్లను నర్సును చేయడమే నా తప్పు!

జనవరి 22

కాబట్టి ఆయన కాదు. మూసుకుపోయిన నాళం.

కాలు మిగిలింది. గంగమ్మ సంబరంతో వార్డంతా పటికబెల్లం పంచింది. నేనూ సంబరపడుతున్నాను. నిజంగానే పడుతున్నాను. ప్లేటు రెండుసార్లు అడిగి చూశాను. ఎంత బాగుంది అది! కానీ అందులో ఆయన లేడు.

జనవరి 30

సంఘంలో చెప్పాను. పాస్టరుగారు "అదీ దేవుని కృపే" అన్నారు. ఆయనకు తేలికగానే ఉంది. ఆయన ఎవరి వాకిట్లోనూ నిలబడలేదు.

ఫిబ్రవరి 3

ఈ డైరీలో ఇంతవరకు రాయని మాట ఒకటి ఉంది. బీడీ. ఇదిగో, రాశాను. ఆగిన చోటల్లా ప్రార్థన తర్వాత ఒకటి. తూము దగ్గర ఎర్రన్నతో రెండు. గంగమ్మ చాటలోంచి తీసినవే. అది చూసీ చూడనట్టు ఉండేది.

మానేశాను. మూడు పూటలుగా గోడలు కొరకాలనిపిస్తోంది.

ఫిబ్రవరి 6

గంగమ్మ చాట, ఆకు, తంబాకు అన్నీ మూటకట్టి పక్కింటి అరుగు మీదికి మార్చింది. "అక్కడ మాటలు మస్తు ఉంటయి, నీ మొఖం జూసుకుంట చుట్టుడేంది" అంది. అది ఎందుకు పోయిందో నాకు తెలుసు. ఇల్లు తంబాకు వాసన లేకుండా కొత్తగా ఉంది.

ఫిబ్రవరి 14

నడక పెరిగింది! ఒట్టు. ఇంటి నుంచి మార్కెట్ దాకా ఆగకుండా పోయాను. అక్కడ పట్టింది. ఆగాను. కళ్లు మూసుకోలేదు. మరాఠీలో మిరపకాయలు బేరమాడుతున్న ఒకామెను చూస్తూ నిలబడ్డాను. పట్టు దానంతటదే వదిలింది. ప్రార్థన లేకుండానే వదిలింది. అది ఇన్నాళ్లూ అట్లాగే వదిలేదన్నమాట.

ఫిబ్రవరి 21

ధర్పల్లి వైపు బస్సులో పోయివచ్చాను. కోటగిరి కూడా. రెంజల్ దారి బాగా లేదు, చెరుకు లారీలతో గుంతలు పడింది.

ఫిబ్రవరి 28

రెంజల్ దారి ఇంకా బాగుపడలేదని విన్నాను. ఎవరి దగ్గర విన్నానో గుర్తులేదు.

మార్చి 7

పుండు మానింది! కొత్త చర్మం లేత గులాబీ రంగులో వచ్చింది. డాక్టరమ్మ మోకాలి వెనక వేలు పెట్టి చాలాసేపు వెతికి, "నాడి ఇప్పటికీ లేదు పంతులుగారూ, దాని పని మిగతావి చేస్తున్నాయి" అంది. నా ప్లేటును ఇప్పుడు దవాఖానకు వచ్చే డాక్టర్లందరికీ చూపిస్తోందట. రూతమ్మ చెప్పింది. నా తొడకు అంత పేరు!

మార్చి 18, మంగళవారం

పాస్టరుగారు రెంజల్ పొమ్మన్నారు. కాదనడానికి సాకు దొరకలేదు.

పోయేటప్పుడు మోటారు బండి మీద ఎవరో ఎక్కించుకున్నారు. అతని వీపు చాటున తల దాచుకుని మలుపు దాటాను. వచ్చేటప్పుడు నడకే. ఏమని చెప్పాలి ఆమెకు, ఏమని చెప్పాలి అనుకుంటూనే బయలుదేరాను. కానీ కాళ్లు! ఎండ ముదరలేదు, కోత అయిపోయిన చేన్ల మీదుగా తీపి వాసన వస్తోంది, రెండు కాళ్లూ ఒకే తీరుగా పడుతున్నాయి. పట్టుకోవడం లేదు. ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అనుకుంటూ పోతున్నాను, పట్టడం లేదు! వయసులో ఈ దారిన పాటలు పాడుకుంటూ పోయేవాణ్ని. నిజంగానే గొంతెత్తి పాడాను. ఒక బండి అతను ఎడ్లను ఆపి మరీ చూశాడు. నవ్వొచ్చింది. ఇంకా వేగం పెంచాను. తూము దగ్గరికి వచ్చాకే ఊపిరి తీసుకున్నాను.

ఎర్రన్న గట్టు మీద ఉన్నాడు. "పంతులూ, కొత్త కాలు పెట్టిచ్చుకున్నవా ఏంది!" అన్నాడు. బీడీ చాపబోయి, నేను తల అడ్డంగా ఊపితే వెనక్కి తీసుకున్నాడు. "సత్తవ్వ మంచిగున్నదా? పొద్దున్నుంచి వాకిట్లనే కూసున్నది, నువ్వు రెంజల్ దిక్కు పోయినవని ఎవరో చెప్పిండ్రట."

నేను మలుపు దాటి వచ్చేశాను! ఇల్లు చూడలేదు. మనిషిని చూడలేదు. పాడుకుంటూ ఆమె ముందు నుంచే పోయాను.

వెనక్కి తిరిగాను. అంత దూరమూ ఒక్క బిగిన నడిచాను. ఇల్లు కనబడుతుండగా పిక్క కొంచెం గుంజింది గాని ఆపేంత కాదు.

ఆమె వాకిట్లోనే ఉంది. లేవలేదు.

"పోయినవనుకున్న" అంది.

"పోయిన. మళ్ల ఒచ్చిన." నిలబడే చెప్పేశాను. ఇంకొంచెం ఆగితే ధైర్యం ఉండదు. "సత్తవ్వా, నీకొక మాట చెప్పాలె. ఆ దినం నన్ను నీ ఇంటి ముంగట ఆపింది దేవుడు గాదు. నా తొడల నరం మూసుకపోయింది. కొంచెం నడిస్తే పిక్క పట్టేది, ఎక్కడ పడితే అక్కడ ఆగేది. దవాఖానల ఫోటువ తీసిండ్రు. నా కండ్లతోటి చూసిన."

ఆమె నా కాలి వైపు చూసింది.

"గియ్యాల గూడ పట్టిందా?"

"లేదు. గియ్యాల పట్టలే."

"మరి గియ్యాల ఎవరాపిండ్రు?"

అరుగు మీద కూర్చున్నాను. ఆమె గ్లాసుతో నీళ్లు తెచ్చింది. తాగాను. మామూలుగా అయితే నీళ్లు తాగేసరికి పట్టు వదిలేది, నాలుగు మాటలు చెప్పి లేచేవాణ్ని. ఈరోజు వదలడానికి పట్టే లేదు. చెప్పడానికి మాటా లేదు. ఎంతసేపు కూర్చోవాలో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఊరికే కూర్చున్నాను.

కొంతసేపటికి ఆమే మొదలుపెట్టింది. కొడుకు చెరుకు నమిలి పిప్పి ఎక్కడ పడితే అక్కడ ఉమ్మేవాడట. ఎడ్లకు తల్లి కంటే ముందు తాను పేర్లు పెట్టేవాడట. ఈత వచ్చట, బాగా వచ్చట, అయినా పోయాడట. చెప్తూ ఒకసారి నవ్వింది కూడా. నీడ వాకిలి దాటి చేనులోకి పోయింది. నేను ఒక్క వాక్యం చెప్పలేదు.

ఇన్ని నెలలు ఆ వాకిట్లో నిలబడి ఎన్ని మాటలు చెప్పాను! ఆ పిల్లవాడి పేరు మాత్రం ఈరోజే అడిగాను.

ముత్యం అట.